రీస్లింగ్‌లో పెట్రోలు వాసన: లోపమా, గుణమా?

చల్లగాలి:
రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో చేసే డ్రై (తీపి లేని) వైన్‌లో వచ్చే పెట్రోలు వాసనను చాలామంది గొప్పగా చెబుతారు. నేను సగమే ఒప్పుకుంటాను. జర్మనీలోని మోజెల్, రైన్‌గౌ లాంటి చల్లని ప్రాంతాల వైన్‌లో పది పదిహేనేళ్లకు ఆ వాసన తేనె వాసనతో కలిసి వస్తే, వైన్ పక్వానికి వచ్చిందని అర్థం. ఏడాది తిరగని సీసాలోంచి గుప్పుమంటే మాత్రం అది లోపమే. నిమ్మ, పచ్చి ఆపిల్, తెల్లపూల పరిమళం కోసమే కదా లేత రీస్లింగ్ తాగేది! వాటిని కప్పేసే వాసనను పొగడటం నాకు మింగుడుపడదు.

ద్రాక్షపందిరి:
చల్లగాలి గారూ, పాత సీసాలోనైనా, కొత్త సీసాలోనైనా మీరు చెప్పిన పెట్రోలు వాసనకు కారణం ఒకే పదార్థం, టీడీఎన్. ద్రాక్షలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు విరిగి దాని ముడిసరుకు తయారవుతుంది. వైన్‌లోని పులుపు వల్ల అది సీసాలో మెల్లగా టీడీఎన్‌గా మారుతుంది. మిగతా రకాలకన్నా రీస్లింగ్‌లో ఇది ఎక్కువ. అంటే ఆ ద్రాక్ష స్వభావమే అది. పదో ఏట గుణమైనది మొదటి ఏట లోపమెలా అవుతుంది? ఆస్ట్రేలియాలో క్లేర్ వ్యాలీ రాత్రులు చల్లగా ఉన్నా పగటి ఎండ గట్టిది. అక్కడి రీస్లింగ్‌లో ఈ వాసన త్వరగా కనిపిస్తుంది. దాన్ని మోజెల్ కొలతతో కొలవడం అన్యాయం.

చల్లగాలి:
స్వభావమే, కాదనను. కానీ దాన్ని పెంచేది ఎండ. గుత్తుల చుట్టూ ఆకులు మరీ ఎక్కువగా తీసేస్తే కాయకు ఎండ నేరుగా తగిలి ముడిసరుకు పెరుగుతుంది. ఆకులు అసలు తీయకపోతే గాలి ఆడక బూజు పడుతుంది, అదీ నిజమే. అందుకే ఉదయపు ఎండ తగిలే వైపు మాత్రమే ఆకులు తీసేవాళ్లున్నారు. రైతు చేతిలో ఉన్న పనిలో తేడా వస్తే దాన్ని లోపం అనక ఏమంటాం?

సీసామూత:
ఇద్దరూ తోట దగ్గరే ఆగిపోయారు. మూత సంగతి కూడా చూడండి. క్లేర్ వ్యాలీలో కొందరు ఉత్పత్తిదారులు కలిసి 2000 పంట రీస్లింగ్‌ను స్క్రూ క్యాప్ (తిప్పి తీసే మూత)తో సీసాల్లో నింపారు. కార్క్ బిరడా పాడై వైన్ చెడిపోతోందన్న విసుగుతో చేసిన పని అది, చాలా మంచి పని. అయితే కార్క్ టీడీఎన్‌ను కొంత పీల్చుకుంటుంది, స్క్రూ క్యాప్ అలా పీల్చుకోదు. ఒకే తొట్టిలోని వైన్ కూడా మూతను బట్టి వేరుగా వాసన వేయొచ్చు. వెచ్చని గదిలో నిలవ ఉంచితే ఆ వాసన ఇంకా తొందరగా వస్తుంది. ఆ నింద రైతు మీద వేయకండి.

ద్రాక్షపందిరి:
సీసామూత గారి మాటే నాదీ. పైగా వేసవులు వేడెక్కుతున్నాయి. జర్మనీలో కూడా ఆకులు ఎంత జాగ్రత్తగా ఉంచినా ఈ వాసన ముందే వచ్చే ఏళ్లుంటాయి. అప్పుడు ఆ పంటనంతా లోపమని పక్కన పెడతామా? పులుపు, పూల పరిమళం నిలబడి ఉన్నాయా అన్నదే చూడాలి.

చల్లగాలి:
అవి నిలబడితే నాకూ పేచీ లేదు. కానీ వేడి వల్ల వచ్చిందైనా, పూల పరిమళాన్ని మింగేసిన వాసనకు నేను మార్కులు వేయను. కారణం తెలిసినంత మాత్రాన గ్లాసులోని రుచి మారదు కదా.