ఇంట్లో అందరూ వద్దంటుంటే గోదావరి పాయ వశిష్టలో కయాక్ మీద వెళ్లొచ్చా?

గట్టుమీదమ్మాయి: సంక్రాంతి వెళ్లాక దిండి నుంచి అంతర్వేది దాకా ఒంటరిగా కయాక్‌లో వెళ్దామనుకుంటున్నాను. రెండేళ్లుగా తెడ్డు వేస్తున్నాను, ఈత బాగా వచ్చు. విన్నప్పటి నుంచి అమ్మ నాతో మాట్లాడట్లేదు. మావయ్య "గోదారితో ఆటలా?" అన్నారు. పక్కింటావిడ "పెళ్లి కావాల్సిన పిల్ల" అంటోంది. ఇవేవీ పట్టించుకోకుండా వెళ్లిపోవడమే కరెక్టా?

లంకరైతు: వద్దమ్మా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర అంత పెద్ద బోటే మునిగిపోయింది. వరదొస్తే మా లంక భూములు కళ్ల ముందే కోసుకుపోతాయి. పెద్దవాళ్లు ఊరికే అనరు.

ఉప్పుటేరు: లంకరైతుగారూ, కచ్చులూరు పాపికొండల దగ్గర, అదీ వరద రోజుల్లో. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చాక ఎవరైనా ఏట్లోకి దిగుతానంటే నేనే కాళ్లు పట్టుకుని ఆపుతాను. జనవరిలో అలా కాదు. నీళ్లు దాళ్వా (రెండో పంట) చేలకి కాలవల్లో పోతాయి. దిండి దగ్గర చూసుకోవాల్సింది సముద్రం పోటుని.

పదేళ్ల కిందట నేనూ ఇలాగే బయల్దేరితే పదిమంది వద్దన్నారు. ఎందుకంటే ఒక్కరూ చెప్పలేదు. నరసాపురం రేవులో వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన మాత్రం తలెత్తకుండానే "రేపు తిథేంటి?" అన్నాడు. అమావాస్య అన్నాను. "అయితే వద్దు, అష్టమికి రా" అన్నాడు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటూ పాటూ రెండూ ఉధృతంగా ఉంటాయి. పాటు, అంటే నీరు సముద్రంలోకి వెనక్కి లాగేటప్పుడు, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గరికి పోతే తెడ్డు ఆపినా పడవ ఆగదు. ఆ తాత మాట విని ఎనిమిది రోజులు ఆగాను. మిగతా పదిమంది మాట ఈ రోజుకీ వినలేదు.

కాలవగట్టు: మీకు తాత దొరికాడు కాబట్టి సరిపోయింది. దొరకనివాళ్ల సంగతేంటి? అసలు ఒంటరిగా ఎందుకండీ? ఇద్దరు వెళ్తే సరదా తగ్గిపోతుందా?

ఉప్పుటేరు: ఒంటరిగా వద్దన్నది ఒప్పుకుంటాను, తోడు ఉండాలి. కానీ పక్కింటావిడ మాట వేరండీ. అబ్బాయికైతే ఆ మాట అనేవారా? మా చెల్లి అలాంటి మాటకే భయపడి ఏటిగట్టు మీద సైకిల్ తొక్కడం మానేసింది. ఇప్పుడు దానికి నలభై ఏళ్లు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా సాయంత్రం గట్టు మీద నిలబడి రాజోలు వైపు చూస్తూ ఉంటుంది. నాకు కడుపు తరుక్కుపోతుంది.

లంకరైతు: ఆ మాట నేననలేదు బాబూ. నా భయం నీటి గురించే. ఇప్పటికీ వద్దనే అంటాను.

గట్టుమీదమ్మాయి: నిన్న సఖినేటిపల్లి రేవుకి వెళ్లి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) నడిపే ఆయన్ని అడిగాను. "మొగ దాకా వద్దమ్మా, ఇక్కడే ఒడ్డెక్కేయండి. పంటుకి అడ్డం రాకండి" అన్నారు. అంతర్వేది మానుకున్నాను, ఇక్కడితో ఆపేస్తాను. స్నేహితురాలు ఇంకో కయాక్‌లో వస్తోంది. క్యాలెండర్‌లో అష్టమి చూసుకున్నాం. అమ్మ ఇంకా మాట్లాడట్లేదు. నాన్న మాత్రం రాత్రి నా లైఫ్ జాకెట్ పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూసి, రేవులో ఎన్నింటికి ఉండాలని అడిగారు.