2 మైక్రో ఆంపియర్లు కొలవాలి, మీటరు మాట నమ్మొచ్చా?

హాలియా, ఇప్పుడు కెమ్నిట్జ్:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాస్టర్స్ కోసం ఈ సెమిస్టర్‌లోనే జర్మనీ వచ్చాను. ల్యాబ్‌లో స్టూడెంట్ అసిస్టెంట్ పని దొరికింది. నేలలో తడి కొలిచే సెన్సర్ బోర్డు ఒకటి చేతికిచ్చారు. గంటకోసారి లేచి, తడి కొలిచి, రేడియోలో పంపి మళ్లీ నిద్రపోతుంది. పనిచేస్తే మా బత్తాయి తోటలో కూడా నాలుగు పెట్టొచ్చని నా ఆశ.

నిద్రలో ఉన్నప్పుడు బోర్డు ఎంత కరెంటు తీసుకుంటుందో కొలిచి ఇమ్మన్నారు. లెక్క ప్రకారం 2 మైక్రో ఆంపియర్ల (మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు) దగ్గర రావాలి. బెంచి మీద 34401ఎ అనే డిజిటల్ మల్టీమీటరు ఉంది. డీసీ కరెంట్‌లో పెడితే ఒకసారి 4.1 అంటుంది, కాసేపటికి 3.2 అంటుంది. వైర్లు పీకేసినా 1 మైక్రో ఆంపియర్ పైనే చూపిస్తోంది. చేతి మీటరును మైక్రో ఆంపియర్ రేంజ్‌లో పెడితే బోర్డు మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోంది.

మీటర్లు పాడయ్యాయని చెప్పాలా? నేనే కొత్త, వచ్చీ రాగానే ఇది బాగా లేదు, అది బాగా లేదు అంటే ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది. బీటెక్‌లో మేం కొలిచినవన్నీ మిల్లీ ఆంపియర్లే.

మిర్యాలగూడ, ఇప్పుడు మ్యూనిక్:

చెల్లె, రెండు మీటర్లూ మంచిగనే ఉన్నయి. పాడయ్యాయని మాత్రం చెప్పకు.

34401ఎలో అన్నిటికన్నా చిన్న డీసీ కరెంట్ రేంజ్ 10 మిల్లీ ఆంపియర్లు. తెర మీద చివరి అంకె 10 నానో ఆంపియర్లదే (నానో అంటే మైక్రోలో వెయ్యో వంతు) కావచ్చు, కానీ ఏడాది కచ్చితత్వం (సరిచూసిన ఏడాది దాకా మీటరుకు ఒప్పుకునే తేడా) లెక్కలో రెండు ముక్కలుంటాయి: రీడింగ్‌లో 0.05 శాతం, దాని మీద రేంజ్‌లో 0.02 శాతం. ఆ రెండో ముక్క చూడు. 10 మిల్లీ ఆంపియర్లలో 0.02 శాతమంటే 2 మైక్రో ఆంపియర్లు. అంటే నువ్వు కొలవబోయేదంత తేడా ఉన్నా ఆ మీటరు తప్పు చెప్పినట్టు కాదు. వడ్ల లారీ తూచే కాంటా మీద తులం బంగారం పెట్టినట్టయింది నీ పని. అంకెలు కదులుతుంటే ఏదో కొలుస్తోందనే అనిపిస్తుంది.

ఇక చేతి మీటరు సంగతి. కరెంటు కొలిచే ఏ మామూలు మీటరైనా లోపల ఒక చిన్న రెసిస్టర్‌లోంచి కరెంటు పంపి, దాని మీద వోల్టేజీ చూస్తుంది. దాన్నే షంట్ అంటాం. మైక్రో ఆంపియర్ రేంజ్‌లో ఆ షంట్ చాలా చేతి మీటర్లలో 100 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. బోర్డు నిద్రలో ఉన్నంతసేపు ఇబ్బంది లేదు, 2 మైక్రో ఆంపియర్లకు పడేది 0.2 మిల్లీ వోల్టే. కానీ రేడియో లేచినప్పుడు 20 మిల్లీ ఆంపియర్లు లాగిందనుకో, 100 ఓమ్‌ల మీద 2 వోల్టులు పడతాయి. 3 వోల్టుల సప్లైలో బోర్డుకు మిగిలేది ఒక వోల్టు. రీస్టార్ట్ కాక ఏం చేస్తుంది?

మరి ఏం చెయ్యాలి? మీటరును కరెంట్‌లో కాదు, వోల్టేజీలో వాడు. 34401ఎ వోల్టేజీ కొలవడంలో గట్టి మీటరు. 0.1 శాతం టాలరెన్స్ (రాసిన విలువకు ఉండగల తేడా) ఉన్న 1 కిలో ఓమ్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ ఒకటి తీసుకో. బోర్డు గ్రౌండుకూ సప్లై నెగెటివ్‌కూ మధ్య పెట్టు. మీటరు ఎల్ఓ టెర్మినల్ సప్లై నెగెటివ్ వైపు, హెచ్ఐ బోర్డు వైపు. 100 మిల్లీ వోల్ట్ రేంజ్‌ను చేత్తో లాక్ చెయ్యి. 2 మైక్రో ఆంపియర్లకు 2 మిల్లీ వోల్టులు కనబడాలి. ఆ రేంజ్‌లో ఏడాది లెక్క రీడింగ్‌లో 0.005 శాతం, రేంజ్‌లో 0.0035 శాతం. రెండూ కలిపితే 3.6 మైక్రో వోల్టులు, అంటే 1 కిలో ఓమ్ మీద 3.6 నానో ఆంపియర్లు. అదే మీటరు, అదే బెంచి. మీటరు వల్ల వచ్చే 2 మైక్రో ఆంపియర్ల అనుమానం 4 నానో ఆంపియర్ల లోపలికి వచ్చింది.

రేడియో పంపేటప్పుడు ఆ 1 కిలో ఓమ్ అడ్డం కాకుండా దాని మీద ఒక స్విచ్ గానీ జంపర్ గానీ పెట్టు. బోర్డు లేచే ముందు మూసెయ్యి, నిద్రపోయాక తెరువు. గంటకోసారే లేస్తుంది కాబట్టి కొలవడానికి కావలసినంత టైముంటుంది. కొందరు స్విచ్‌కు బదులు డయోడ్ పెడతారు. పెట్టినా మామూలు సిలికాన్ డయోడే పెట్టు. షాట్కీ రకం వద్దు, దాని లీకేజీ (ఆగి ఉన్నా కారిపోయే కరెంటు) నీ కొలతలో కలుస్తుంది.

ఇంకొకటి, దీంట్లోనే ఎక్కువమంది మోసపోతారు. కొలిచేటప్పుడు ప్రోగ్రామర్ (బోర్డులో కోడ్ ఎక్కించే పరికరం), యూఎస్‌బీ, సీరియల్ కేబుల్ ఏదీ బోర్డుకు తగిలి ఉండకూడదు. వాటి గ్రౌండు మీదుగా కరెంటు నీ రెసిస్టర్‌ను తప్పించుకుని పోతుంది. పైగా సిగ్నల్ పిన్నుల్లోంచి బోర్డుకు దొంగచాటుగా సప్లై కూడా అందుతుంది. అప్పుడు నీకు కనబడే అంకె తక్కువా ఎక్కువా అన్నది కూడా చెప్పలేం.

సూర్యాపేట, ఇప్పుడు ఐండ్‌హోవెన్:

నేను కాలిబ్రేషన్ (మీటర్లు సరిచూసే) ల్యాబ్ మనిషిని, రెండు మాటలే చెప్తా. అన్న ఇచ్చిన లెక్క మీటరు గంటసేపు వేడెక్కాక, 23 డిగ్రీలకు 5 అటూ ఇటూ ఉన్న గదిలో, కాలిబ్రేషన్ స్టిక్కర్ మీద ఏడాది దాటనప్పుడే చెల్లుతుంది. పొద్దున ఆన్ చేసి వెంటనే రాసుకున్న అంకెలు పక్కన పెట్టు. రెసిస్టర్‌ను దాని మీద రాసినంతే అనుకోకుండా అదే మీటరుతో ఫోర్ వైర్‌లో (వైర్ల సొంత రెసిస్టెన్స్ కలవకుండా నాలుగు వైర్లతో) కొలిచి ఆ విలువ వాడు.

కరెంట్ జాక్‌లో ప్రోబ్ వదిలేసి వోల్టేజీ కొలవబోతే ఫ్యూజు పోతుంది. కొత్తవాళ్లకే కాదు, అందరికీ అవుతుంది. మన దగ్గర బోరు స్టార్టర్ ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టేసి మోటారు వేస్తారు. ఇక్కడ ఆ పని అస్సలు చెయ్యొద్దు. ల్యాబ్ ఇన్‌చార్జికి చెప్పు, అదే రకం ఫ్యూజు ఇస్తారు. చెప్పినందుకు ఎవరూ ఏమీ అనరు. చెప్పకుండా పెట్టేసినప్పుడే నీ తర్వాత వచ్చేవాడు సగం రోజు పోగొట్టుకుంటాడు.

వనపర్తి, ఇప్పుడు శాన్ హోసే:

మైక్రో దాటి నానోలోకి దిగాల్సి వస్తే ఇది కూడా తెలుసుకో చెల్లె. 34401ఎ వోల్టేజీ ఇన్‌పుట్ మామూలుగా 10 మెగా ఓమ్‌లు. అదే ఒక షంట్ అనుకుంటే 1 మిల్లీ వోల్ట్ అంటే 0.1 నానో ఆంపియర్. బయట ఏ రెసిస్టరూ అక్కర్లేదు. అయితే ఇన్‌పుట్‌ను 10 గిగా ఓమ్‌లకు మార్చే సెట్టింగ్ ఆఫ్‌లో ఉండాలి. ఆ 10 మెగా ఓమ్‌లు కూడా కచ్చితంగా 10 కావు, శాతం అటూ ఇటూ ఉంటాయి, ముందే సరిచూసుకోవాలి. మీటరు తన ఇన్‌పుట్‌లోంచి తానే 30 పికో ఆంపియర్ల (పికో అంటే నానోలో వెయ్యో వంతు) దాకా వదలొచ్చు. అది 10 మెగా ఓమ్‌ల మీద 0.3 మిల్లీ వోల్టులు, అంటే ఏమీ తగిలించకుండానే అంత కనబడొచ్చు. పికోలు నిజంగా కావాలంటే ఫీడ్‌బ్యాక్ రకం పికో అమ్మీటరే తీసుకోవాలి. కీత్లీ 6485 అలాంటిదే, అది సర్క్యూట్ మీద 200 మైక్రో వోల్టులు కూడా పడనివ్వదు.

ఈ స్థాయిలో మురికి కూడా ఒక రెసిస్టరే. సోల్డరింగ్‌లో వాడే ఫ్లక్స్ మరకో వేలి ముద్రో 1 గిగా ఓమ్ దారి చేసిందంటే 3 వోల్టులకు 3 నానో ఆంపియర్లు అటు నుంచి పోతాయి. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, అంచులు పట్టుకునే ముట్టుకో. కేబుల్ కదిలితే దాని ఇన్సులేషన్ రాపిడికి కూడా కరెంటు పుడుతుంది, టేబుల్‌కు టేప్ వేసెయ్యి.

రీడింగ్ ఊగుతుంటే ఇంటిగ్రేషన్ టైము (ఒక్కో రీడింగ్‌కు మీటరు సగటు తీసే సమయం) 100 లైన్ సైకిళ్లకు (గోడ కరెంటు సైకిళ్లకు) పెట్టు. మీ దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి 2 సెకన్లు, ఆటో జీరో (మీటరు తన సున్నాను తానే సరిచూసుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే దానికి రెట్టింపు. కరెంటు లైన్ గోల చాలావరకు అక్కడే పోతుంది.

హాలియా, ఇప్పుడు కెమ్నిట్జ్:

అందరికీ థాంక్స్. 1 కిలో ఓమ్ పెట్టి చూశాను. మొదట 11 మైక్రో ఆంపియర్లు వచ్చింది! ప్రోగ్రామర్ పీకేసినా 9. చూస్తే వాడని రెండు పిన్నులు దేనికీ కలవకుండా ఇన్‌పుట్‌గా తేలుతూ ఉన్నాయి. కోడ్‌లో వాటిని ఒక స్థిరమైన స్థాయికి కట్టేశాక 2.3 దగ్గర నిలబడింది. సప్లై ఆపేసినప్పుడు కూడా 4 మైక్రో వోల్టులు కనబడుతోంది, అది ఎక్కడిది?

మిర్యాలగూడ, ఇప్పుడు మ్యూనిక్:

వేడి తేడాది. రెండు రకాల లోహాలు కలిసే చోట ఒక వైపు వెచ్చగా ఉంటే వోల్టేజీ పుడుతుంది. రాగికీ సోల్డర్‌కూ మధ్య డిగ్రీకి 1 నుంచి 3 మైక్రో వోల్టులు. రాగికీ, కొన్ని భాగాల కాళ్లకు వాడే కోవార్ అనే మిశ్రమ లోహానికీ మధ్య డిగ్రీకి 40 దాకా. నీ రెసిస్టర్ మీద 1 మైక్రో వోల్ట్ అంటే 1 నానో ఆంపియర్, కాబట్టి నీ 2.3లో తేడా 0.004 మాత్రమే. సప్లై ఆపి, రెండు నిమిషాలు ఆగి, నల్ (ఆ మిగిలిన అంకెను తీసేసే బటన్) నొక్కి మళ్లీ కొలువు. రాసేటప్పుడు రెసిస్టర్ విలువ, రేంజ్, గది ఉష్ణోగ్రత పక్కనే రాయి. 2.3 అని ఒక్క అంకె ఇస్తే మళ్లీ నిన్నే అడుగుతారు.

దేవరకొండ, ఇప్పుడు లీడ్స్:

ఆలస్యంగా చూశాను. తోటలో పెడతానన్నావు కదా, దానికి ఒక లెక్క. సీఆర్2032 బటన్ సెల్లు 225 మిల్లీ ఆంపియర్ అవర్లు అనుకుంటే, ఒక్క నిద్ర కరెంటే చూస్తే 2.3 మైక్రో ఆంపియర్లకు 11 ఏళ్లు వస్తుంది. మొదట వచ్చిన 11 అయితే రెండేళ్ల నాలుగు నెలలు. రేడియో తినేది వేరే, సెల్లు ఊరికే ఉన్నా తగ్గేది వేరే, కాబట్టి ఎవరికీ పదకొండేళ్లని మాటివ్వకు. రేడియో లాగే 20 మిల్లీ ఆంపియర్లకు ఆ సెల్లు వోల్టేజీ కుంగుతుంది. పక్కన కెపాసిటర్ పెట్టాల్సి వస్తుంది, దాని లీకేజీని కూడా నిద్ర కరెంటులో కలిపి మళ్లీ కొలవాలి.

ఇంకా ముఖ్యమైనది, మీరు కొలిచినవన్నీ 23 డిగ్రీల గదిలోవి. సిలికాన్ లీకేజీ సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. మే నెలలో నల్గొండలో గాలే 45 డిగ్రీల దాకా పోతుంది, ఎండలో పెట్టిన ప్లాస్టిక్ డబ్బా లోపల ఇంకా ఎక్కువ. మీ ల్యాబ్‌లో టెంపరేచర్ చాంబర్ (కావలసిన వేడిలో ఉంచే పెట్టె) ఉందేమో అడుగు. ఉంటే 25, 45, 60 డిగ్రీల దగ్గర ఇదే కొలత మళ్లీ తియ్యి. రెసిస్టర్, మీటరు మాత్రం చాంబర్ బయటే ఉండాలి, లోపలికి బోర్డు ఒక్కటే వెళ్లాలి.