బిగ్ పిట్ గనిలో సందర్శకులకు దారి చూపవలసింది మాజీ కార్మికులేనా?

కార్డిఫ్ వాసి:
గత నెలలో మేము కుటుంబంతో దక్షిణ వేల్స్‌లోని బ్లేనావన్ చూసి వచ్చాము. 1789లో ఇనుప కొలుములు రాజుకున్న ఈ ఊరిని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడి బిగ్ పిట్ బొగ్గు గని 1980లో మూతపడి, 1983లో ప్రదర్శనశాలగా తెరుచుకున్నది. సందర్శకులను 90 మీటర్ల లోతుకు తీసుకువెళ్లేది ఒకప్పుడు బొగ్గు తవ్విన మనుషులే. వారు వయసు మీరి ఒక్కొక్కరుగా విరమించక తప్పదు కనుక, చరిత్ర చదివిన యువతకు ఆ పని ఇప్పుడే అప్పగించడం మంచిదని నా అభిప్రాయం. పైగా కార్మికుడి జ్ఞాపకం అతని కాలం దగ్గరే ఆగిపోతుంది. 1842 నాటి బ్రిటిష్ గనుల చట్టం నిషేధించక ముందు స్త్రీలూ పదేళ్లు నిండని పిల్లలూ భూగర్భంలో పడిన పాట్లను ఇప్పుడున్న వారెవరూ కళ్లారా చూడలేదు.

కొత్తగూడెం బిడ్డ:
మీ చివరి మాట కాదనలేనిది, కాని దాని నుంచి మీరు తీసిన నిర్ణయంతో నేను ఏకీభవించలేను. మా నాన్నగారు ముప్పై ఏళ్లు బొగ్గు బాయి దిగిన మనిషి. నేను బిగ్ పిట్‌కు వెళ్లినప్పుడు, నిప్పురవ్వ తగిలితే పేలే మీథేన్ వాయువు భయం వల్ల, చేతి గడియారం, ఫోను, కారు తాళం పైనే తీసిపెట్టుకుని, నడుముకు తలదీపం బ్యాటరీ కట్టి, గనిలోకి దింపే కేజ్ (లిఫ్టు) ఎక్కించారు. లోపల ఒక మలుపు దగ్గర మా గైడ్ మాట్లాడుతూనే చేతికర్రతో పైకప్పును తట్టి, ఒక క్షణం ఆగి, మళ్లీ నడిచారు. ఎందుకని అడిగితే, గట్టి రాయి ఒక విధంగా, లోపల విడిపోయిన రాయి మరొక విధంగా పలుకుతుందని చెప్పారు. నాన్నగారు చిన్నప్పుడు మాకు చెప్పిన మాట సరిగ్గా ఇదే. ఆ ప్రదర్శనశాలలో పైకప్పును తట్టవలసిన అవసరం ఆ రోజు ఉన్నదో లేదో తెలియదు; ఆయన చేతికి మాత్రం ఆ అలవాటు ఉండిపోయింది. తరువాత అందరి దీపాలూ ఆర్పించి, గనిలో గాలి ప్రవాహాన్ని అదుపు చేసే తలుపును తీస్తూ మూస్తూ పిల్లలు ఇటువంటి చీకటిలోనే కూర్చునేవారని చెప్పినప్పుడు, తాను చూడని కాలం గురించే ఆయన మాట్లాడారు, అయినా ఆ చీకటి ఆయనకు తెలిసిన చీకటే.

చరిత్ర విద్యార్థి:
గని విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను, కాని బ్లేనావన్ అంటే గని ఒక్కటే కాదు. భాస్వరం ఎక్కువగా ఉన్న ముడి ఇనుము నుంచి మంచి ఉక్కు తీసే పద్ధతిని సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్, ఇక్కడి కర్మాగారంలో రసాయన శాస్త్రవేత్తగా ఉన్న తన బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్‌తో కలిసి 1870లలో ఈ ఊరిలోనే పరీక్షించాడు. అటువంటి ఖనిజం సమృద్ధిగా ఉన్న ఇతర దేశాలు దానితో ఎదిగాయి, ఈ ఊరు మాత్రం క్రమంగా వెనుకబడి, జనాభా సగానికి పైగా తగ్గి, 2011 నాటికి సుమారు ఆరు వేలకు చేరింది. కొలుముల పక్కన కార్మికులు కాపురమున్న ఇళ్ల ముందు నిలబడినప్పుడు ఇదంతా చెప్పగలిగినవాడు కావాలి, దానికి చదువే ఆధారం.

కొత్తగూడెం బిడ్డ:
కొలుముల దగ్గర చదువుకున్నవారే చెప్పాలి, అందులో నాకు అభ్యంతరం లేదు. గని లోపల మాత్రం, కొత్తగా చేరిన మనిషిని అనుభవజ్ఞుడి వెంట నడిపించినట్టు, యువతను ఈ పెద్దల వెంట కొన్నేళ్లు నడిపించిన తరువాతే పని అప్పగించాలి. తట్టి వినాలని పుస్తకంలో రాయవచ్చు, కాని ఏ రాయి ఎలా పలుకుతుందో పక్కన నిలబడి నేర్చుకోవలసిందే.

కార్డిఫ్ వాసి:
మా గైడ్ కూడా కర్రతో తట్టారు. అది సందర్శకుల కోసం చేసి చూపించినదని నేను అనుకున్నాను, మా అబ్బాయి మాత్రం ఇంటికి వచ్చాక గోడలన్నీ తట్టి విన్నాడు. వెంట నడిపించాలన్న మీ ప్రతిపాదనకు నేను ఒప్పుకుంటున్నాను, అయితే అది ఆ పెద్దలు ఇంకా దిగగలిగిన ఈ కొద్ది ఏళ్లలోనే మొదలుకావాలి.