చిన్న విమానం నడిపేవారికి గ్లౌజులు అవసరమా? అవసరమైతే ఎలాంటివి?

ఇందుకూరుపేట అబ్బాయి:
పెద్దలకు నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట దగ్గరి పల్లె. పైలట్ శిక్షణలో సెస్నా 172 అనే చిన్న విమానం మీద 40 గంటలు పూర్తిచేసి సెలవులకు ఇంటికి వచ్చాను. గ్లౌజులు వేసుకుని తీరాలనే నియమం మా శిక్షణ సంస్థలో లేదు. వేసుకునేవారు కొందరైతే, వారిని చూసి నవ్వేవారు కొందరు. నేను నవ్వేవారి పక్షాన ఉండేవాణ్ణి. అయితే పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, ఎండలో నిలిపి ఉంచిన విమానం ఎక్కి బెల్టు బకిల్ పట్టుకోగానే వేళ్లు చురుక్కుమన్నాయి. ఆ తర్వాత విమానాన్ని నేలకు దించబోతున్న సమయంలో చెమట పట్టిన బొటనవేలు థ్రాటిల్ (ఇంజను జోరు పెంచి తగ్గించే నాబ్) మీద జారింది. మా గురువుగారు ఏమీ అనలేదు కానీ, కిందికి దిగాక జేబురుమాలు తీసి నా చేతిలో పెట్టారు.

రొయ్యల చెరువులు చేసే మా నాన్నగారికి ఈ సంగతి చెబితే, చెరువు పనికి తెచ్చిన రబ్బరు తొడుగులు రెండు జతలు పట్టుకుపొమ్మన్నారు. అవి పనికిరావని నాకూ తెలుసు. గ్లౌజులు నిజంగా అవసరమా, అవసరమైతే నోమెక్స్ అనే మంటను తట్టుకునే బట్టతో చేసినవా, తోలువా అన్నది అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

ఒంగోలు వాసి:
అవసరం లేదని నా అభిప్రాయం. 172 అన్ని వైపులా మూసి ఉన్న విమానం. పైకి వెళ్లిన కొద్దీ ప్రతి 1000 అడుగులకు సుమారు 2 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కనుక, నేల మీద 40 డిగ్రీలు ఉన్న రోజున కూడా 3000 అడుగుల ఎత్తులో ప్రాణం కుదుటపడుతుంది. చలికి తొడుగులు కావలసింది ముందు అద్దమైనా లేని తేలికపాటి విమానాలు నడిపేవారికి.

అసలు సంగతి వేలికొసలది. థ్రాటిల్ నాబ్ నల్లగా, నున్నగా ఉంటుంది. ఇంజనుకు వెళ్లే ఇంధనం పాళ్లు మార్చే మిక్చర్ నాబ్ ఎర్రగా, అంచు చుట్టూ పళ్లతో ఉంటుంది. ఆ పళ్లు అలంకారానికి పెట్టినవి కావు. చూపు రన్‌వే మీద ఉన్నప్పుడు వేలు పట్టుకున్నది ఏమిటో వేలికే తెలియాలి. సెస్నా 152 అనే చిన్న విమానంలో కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడి గాలి పంపే నాబ్) లాగబోయి మిక్చర్ లాగితే ఇంజనుకు ఇంధనం ఆగిపోతుంది. వేలికి ఆ స్పర్శ ఉండనివ్వకుండా తొడుగు వేసుకోవడం, వినికిడి పరీక్షకు చెవిలో దూది పెట్టుకుని వెళ్లడం లాంటిది. చెమటకు జేబురుమాలు చాలు, మీ గురువుగారు చెప్పకనే చెప్పారు.

కావలి విశ్రాంత ఉద్యోగి:
వాయుసేనలో విమానాల మరమ్మతు విభాగంలో పనిచేసి విరమించినవాణ్ణి. ఒంగోలు వాసి గారు స్పర్శ గురించి చెప్పింది నిజమే, కానీ ఆయన నిప్పు మాట ఎత్తలేదు. గాలిలో ఇంజను అంటుకుంటే మిక్చర్ పూర్తిగా లాగాలి, ఇంధన కవాటం మూయాలి, విద్యుత్తుకు మూలమైన మాస్టర్ స్విచ్ ఆపాలి. నేల మీద ఆగాక బెల్టు విప్పాలి, తలుపు తీయాలి. ఇవన్నీ చేతులతో చేసే పనులే. కాలిన వేళ్లతో బకిల్ విప్పడానికి పట్టే సమయం ఆ గదిలో ఉండదు.

కాబట్టి దేనితో చేసినది అన్నదే మొదటి ప్రశ్న. నైలాన్ సుమారు 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పాలిస్టర్ కూడా అంతే. మోటారు సైకిలు వాళ్ల గ్లౌజులు, మెకానిక్ గ్లౌజులు చూడటానికి ముచ్చటగా ఉన్నా వేళ్ల సందుల్లో సాగే బట్ట అంతా ఆ జాతిదే. నోమెక్స్ కరగదు; మాడి, మందమై, మంట తీయగానే ఆరిపోతుంది. అయితే ఉత్త నోమెక్స్ నాబ్ మీద జారుతుంది, అందుకే అమెరికా సైనిక పైలట్ల గ్లౌజుకు వెనుక వైపు నోమెక్స్, అరచేతి వైపు పలుచని తోలు పెట్టారు. ఉతికేటప్పుడు బ్లీచింగ్, బట్టలు మెత్తబరిచే ద్రావకం తగలనివ్వకూడదు.

మరొక్క మాట. టాంకు కింద నుంచి ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) పట్టి నీరు ఉందేమో చూసేటప్పుడు ఈ గ్లౌజులు జేబులో ఉండాలి. పెట్రోలు పీల్చిన తొడుగు చేతికి ఉంటే అది రక్షణ కాదు, వత్తి.

గూడూరు తోళ్ల వ్యాపారి:
విమానాల గురించి నాకు తెలిసింది తక్కువ. తోలు గురించి ముప్పై ఏళ్లుగా చేతులతో తెలుసుకున్నది కొంత ఉంది. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే ఉంటుంది. ఉన్ని గొర్రె చర్మంలో ఉన్ని కుదుళ్లు, కొవ్వు ఎక్కువ కనుక పదును చేశాక తోలు గుల్లబారి పైపొర విడిపోయే స్వభావం ఉంటుంది. వెంట్రుక గొర్రె తోలు బిగువుగా, సన్నని పైపొర అల్లికతో వస్తుంది. గోల్ఫ్ ఆటగాళ్ల తోలు గ్లౌజులకు ఎక్కువగా వాడేది ఇలాంటి తోలునే. అర మిల్లీమీటరు ప్రాంతపు మందంలో ఆ తోలు వేసుకుంటే నాణెం మీద బొమ్మా బొరుసూ వేలికి తెలుస్తాయి. ఒంగోలు వాసి గారి ఎర్ర నాబ్ పళ్లు తెలియకపోవడమనే ప్రశ్నే రాదు.

కొనేటప్పుడు తోలును చూపుడువేలి మీద మడిచి పైకి నొక్కండి. ముడతలు సన్నగా వచ్చి చెయ్యి తీయగానే పోతే మంచిది. పెద్ద పెద్ద ముడతలు పడి నిలిచిపోతే వదిలేయండి. తర్వాత గ్లౌజును తిరగేసి కుట్టు చూడండి. కుట్టు గట్టు వేలికొస కండ మీద పడితే ఎంత మంచి తోలైనా వృథా. అది గోటి వైపుకో పక్కకో జరిగి ఉండాలి. లోపల అస్తరు ఉండకూడదు. ఉంటే అది ఏ బట్టో అడగండి, ఎందుకంటే పైన తోలు ఉండి లోపల పాలిస్టర్ ఉన్నవి బజారులో కొల్లలు.

ఇక కొలత. బొటనవేలు వదిలేసి, పిడికిలి కణుపుల చుట్టూ టేపు పెడితే ఎన్ని అంగుళాలు వస్తే అదే గ్లౌజు నంబరు. తోలు అడ్డంగా సాగుతుంది కానీ పొడవుకు పెద్దగా సాగదు. కనుక అరచేయి కొంచెం బిగుతుగా, వేళ్లు సరిగ్గా కొస వరకు ఉన్నది తీసుకోవాలి. చెమటకు తడిసిన దాన్ని నీడలో ఆరవేయాలి. ఎండలో వేస్తే అప్పడమై కూర్చుంటుంది.

ఒంగోలు వాసి:
తోలు గురించి ఇంత తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయినా రెండు సందేహాలు మిగిలాయి. ఈ కాలపు పిల్లలు మ్యాపులన్నీ టాబ్లెట్‌లో చూస్తారు, తోలు వేలికి ఆ తెర పలకదు. తెరకు పలికే కొసలున్నవి కొందామంటే, అవి తరచుగా నైలాన్ దారానికి లోహపు పూత వేసినవే. నిప్పు దగ్గర కావలి వారి అభ్యంతరం మళ్లీ మొదటికి వస్తుంది. పోనీ గోల్ఫ్ వాళ్లలాగా ఎడమ చేతికి మాత్రమే వేసుకుని, యోక్ (విమానాన్ని తిప్పే చక్రం) దానితో పట్టుకుని, కుడి చేతిని నాబ్‌లకు వదిలేస్తే సరిపోదా?

కావలి విశ్రాంత ఉద్యోగి:
నిప్పు ఒక చేతిని వదిలిపెట్టదు కదండీ. టాబ్లెట్‌కు రబ్బరు మొన ఉన్న పెన్ను తొడ మీద పెట్టుకునే రాత పలకకు కట్టుకుంటే సరి. అబ్బాయీ, ఏది కొన్నా ముందు విమానం నిలిపి ఉండగా, మాస్టర్ స్విచ్ ఆపి, కళ్లు మూసుకుని ఒక్కొక్కటి తాకి పేరు చెప్పు. తప్పులు లెక్కపెట్టడానికి పక్కన ఒకరిని కూర్చోబెట్టుకో.

ఇందుకూరుపేట అబ్బాయి:
మూడు వారాల తర్వాత రాస్తున్నందుకు మన్నించాలి. గూడూరు వారి మాట చదవకముందే 9వ నంబరు నోమెక్స్ జత తెప్పించుకున్నాను. టేపు పెట్టి చూస్తే నా చేయి 8 అంగుళాలే. అయినా పరీక్ష చేశాను. వేళ్ల చివర మిగిలిన పావు అంగుళం తోలు వల్ల వరుసగా ఉన్న లైట్ల స్విచ్‌లలో ఒకదానికి మరొకదాని పేరు చెప్పాను, పది తాకుళ్లలో నాలుగు తప్పులు. అదే పరీక్ష 8వ నంబరుతో చేస్తే ఒక్కటే తప్పు. ఉత్త చేతులతో చేసినప్పుడు కూడా అదే స్విచ్ దగ్గర తప్పాను కాబట్టి ఆ తప్పు గ్లౌజుది కాదు, నాది. మిక్చర్ పళ్లు మాత్రం రెండింటిలోనూ స్పష్టంగా తెలిశాయి.

ఒంగోలు వాసి గారి మాట ఒకటి నిలబడింది. రేడియో తిప్పే చిన్న నాబ్ దగ్గర, లోపలి వలయం తిప్పబోతే బయటిది కూడా కదులుతోంది. దానికి ఇంకా అలవాటు పడలేదు. ప్రస్తుతానికి రెండు చేతులకూ వేసుకునే ఎగురుతున్నాను. 9వ నంబరు జత మా నాన్నగారికి సరిపోయింది. చెరువు గట్టు మీద ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) మోటారు విప్పేటప్పుడు వేసుకుంటున్నారు, రబ్బరు వాటికంటే ఇవే నయమట.