క్రెడిట్ కార్డు బాకీ 1.40 లక్షలు, సెటిల్‌మెంట్ చేయిస్తామని ఏజెన్సీ వాళ్ళు వెంటపడుతున్నారు, ఏం చేయమంటారు?

గోదారి_కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో, జీతం చేతికి 38 వేలు. పోయినేడాది నాన్న ఆపరేషన్‌కి కార్డు గీకాల్సి వచ్చింది, ఇప్పుడు బాకీ 1.40 లక్షలు. నెలనెలా 7 వేలు మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సింది) కడుతున్నా, ఒక్కసారి కూడా లేటు చేయలేదు, అయినా ఏ స్టేట్‌మెంట్ చూసినా బాకీ దాదాపు అక్కడే ఉంటోంది.

ఈలోపు ఒక ఏజెన్సీ నుంచి రోజూ ఫోన్లు. ఆరు నెలలు కట్టడం ఆపేయాలంట, బ్యాంకు వాళ్ళు ఫోన్ చేస్తే వీళ్ళ నంబర్ ఇవ్వాలంట, బాకీలో 40 శాతం కడితే చాలనేలా సెటిల్ చేయించి సిబిల్ (అప్పుల రికార్డు) కూడా క్లీన్ చేస్తారంట. ఫీజు 15 వేలు, ముందే కట్టాలి. మా బావేమో బంగారం తాకట్టు పెట్టి కార్డు మూసేయమంటున్నాడు, అమ్మ చిట్టీ పాడేయమంటోంది (లక్ష రూపాయల చిట్టీ, నెలకి 5 వేలు, 20 నెలల్లో 11 అయ్యాయి).

ఇంకో టెన్షన్ కూడా ఉంది. సిబిల్ రిపోర్టు తీసి చూస్తే నేను తీసుకోని లోన్లు రెండు ఉన్నాయి. ఒకటి 4,200, ఇంకోటి 22,500. రెండూ పేరు కూడా వినని ఫైనాన్స్ కంపెనీలవి. వీటిని కూడా తీయించేస్తామని ఆ ఏజెన్సీ వాళ్ళే అంటున్నారు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

పాత_క్యాషియర్:
ముందు ఆ 15 వేలు ఎవరికీ కట్టకు తమ్ముడూ. బ్యాంకులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, వీళ్ళ పద్ధతి తెలుసు. నిన్ను కట్టడం ఆపమనేది ఎందుకో ఆలోచించు. సరిగ్గా కట్టేవాడికి బ్యాంకు రూపాయి కూడా తగ్గించదు, కాబట్టి ముందు నిన్ను ఎగవేతదారుడిగా మార్చాలి, అప్పుడే వాళ్ళకి బేరం. ఆ ఆరు నెలల్లో లేట్ ఫీజులు పడతాయి, వడ్డీ మీద వడ్డీ పడుతుంది, 90 రోజులు దాటితే నీ ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తర్వాత రికవరీ ఏజెంట్లు వాళ్ళకి కాదు, నీకే ఫోన్ చేస్తారు, నీ ఇంటికే వస్తారు. చివరికి సెటిల్ అయినా రిపోర్టులో క్లోజ్డ్ అని రాదు, సెటిల్డ్ అని వస్తుంది. రేపు ఇంటి లోన్‌కి వెళ్తే మేనేజర్ కళ్ళు ముందు ఆ మాట మీదే పడతాయి. ఇప్పటిదాకా ఒక్క లేటూ లేని నీ రికార్డు నీ ఆస్తి, దాన్ని నువ్వే డబ్బిచ్చి పాడు చేసుకుంటానంటున్నావు.

నిజంగా ఉద్యోగం పోయి, కట్టే దారే లేనివాళ్ళకి సెటిల్‌మెంట్ వేరే సంగతి, అప్పుడు కూడా నేరుగా బ్యాంకుతో మాట్లాడుకోవాలి, లెటర్‌హెడ్ మీద ఆఫర్ తీసుకుని లోన్ ఖాతాకే కట్టాలి. మధ్యలో మనిషి అక్కర్లేదు.

ఇక బాకీ ఎందుకు తగ్గట్లేదంటే, నీ కార్డు వడ్డీ నెలకి 3.6 శాతం అనుకో, 1.40 లక్షల మీద 5,040, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 5,950 దాకా వడ్డీకే పోతోంది. నువ్వు కట్టే 7 వేలల్లో అసలులోకి వెళ్ళేది వెయ్యి చిల్లర. ఊళ్ళో ఎవడైనా నూటికి మూడు రూపాయల వడ్డీ తీసుకుంటే రక్తం తాగుతున్నాడని తిట్టుకుంటాం, కార్డువాడు మూడున్నర పైన తీసుకుంటే మాత్రం రివార్డ్ పాయింట్లు లెక్కపెట్టుకుంటాం. ఇంకో మాట, పాత బాకీ ఉన్నన్నాళ్ళు కొత్తగా గీకినదానికి 45 రోజులు, 50 రోజులు వడ్డీ లేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ. కాబట్టి ఆ కార్డుతో పెట్రోల్ కూడా కొట్టించకు.

వరంగల్_అక్క:
పైన బాబాయ్ చెప్పింది కరెక్ట్. నేను ఆ తెలియని లోన్ల గురించి చెప్తా, మా ఇంట్లో ఒకరికి అయింది కాబట్టి.

4,200 దాని గురించి కంగారు పడకు, ముందు గుర్తు తెచ్చుకో. ఏ షాపింగ్ యాప్‌లోనో 'పే లేటర్' నొక్కావా ఎప్పుడైనా? అది కూడా లోనే, రిపోర్టులో యాప్ పేరు రాదు, వెనకాల డబ్బిచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరు వస్తుంది, అందుకే జనం నాది కాదని భయపడతారు. రిపోర్టులో ఓపెన్ చేసిన తేదీ ఉంటుంది, ఆ రోజు నీ మెసేజ్‌లు, మెయిల్స్ వెతుకు.

22,500 ది మాత్రం వదలొద్దు. ఎప్పుడైనా ఫోన్ షాపులో ఈఎంఐకి ఆధార్, పాన్ ఇచ్చి, ఓటీపీ కూడా చెప్పాక "రిజెక్ట్ అయింది" అని పంపించారా? మావాళ్ళకి జరిగింది అదే, లోన్ శాంక్షన్ అయింది, ఫోన్ ఇంకెవరి చేతికో వెళ్ళింది. నువ్వు చేయాల్సింది, రిపోర్టు ఇచ్చే బ్యూరో (సిబిల్ లాంటిది) వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టు, ఫ్రీ. కానీ బ్యూరో తనంతట తాను ఏదీ తీసేయదు, లోన్ ఇచ్చిన కంపెనీని అడిగి వాళ్ళు ఒప్పుకుంటేనే మారుస్తుంది, అందుకే అదే రోజు ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి కూడా మెయిల్ పెట్టాలి. "నాది కాదు" అని ఊరికే రాయకు. అగ్రిమెంట్ కాపీ, కేవైసీ ఫొటో (లోన్‌కి గుర్తింపుగా తీసుకున్నది), డబ్బు ఏ ఖాతాకి లేదా ఏ షాపుకి వెళ్ళిందో ఆ వివరాలు పంపమని అడుగు. చాలాసార్లు ఫొటో చూడగానే సంగతి తేలిపోతుంది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టి ఆ నంబర్ కూడా జతచేయి.

30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయల చొప్పున నీకు పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ రూల్ ఇది. అప్పటికీ కదలకపోతే ఆర్‌బీఐ వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఫిర్యాదు, 14448 కి ఫోన్ చేసినా చెప్తారు. దీనికీ పైసా ఖర్చు లేదు, ఆ ఏజెన్సీ వాడు ఇదే చేసి 15 వేలు అంటాడు, అది కూడా చేస్తే.

సిబిల్ ఒక్కటే చూసి ఊరుకోకు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ కూడా ఉన్నాయి, నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోర్ తగ్గదు.

చిట్టీల_రాంబాబు:
అందరూ చిట్టీ సంగతి మర్చిపోయారు. అమ్మగారి మాటలో విషయం ఉంది. 11 నెలలు అయ్యాక పాట తోపు (పాటలో వదులుకునే మొత్తం) ఎక్కువ ఉండదు, 10 వేలు తగ్గించి పాడాడనుకుందాం, 90 వేలు చేతికొస్తాయి. నెలకి 5 వేలు ఎలాగూ కడుతున్నదే, అది మారదు. ఆ 90 వేలు కార్డుకి కొడితే బాకీ 50 వేలకి దిగుతుంది, అప్పుడు అదే 7 వేలు కడితే తొమ్మిది నెలల్లో కార్డు ఖాళీ. బిల్లులో మినిమం డ్యూ తగ్గి కనిపిస్తుంది, దానికి ఆశపడి తక్కువ కట్టకూడదు, అంతే. ఇంతకీ ఆ చిట్టీ రిజిస్టర్ అయినదా, పక్కింటి ఆంటీ నడిపేదా? కంపెనీ అయితే జామీను అడుగుతారు, గవర్నమెంట్ ఉద్యోగిని వెతుక్కోవాలి.

పాత_క్యాషియర్:
రాంబాబు గారి లెక్క బాగుంది. మిగిలిన 50 వేలకి మాత్రం బావ మాట విను. బ్యాంకులో గోల్డ్ లోన్ రూపాయి లోపు వడ్డీకి దొరుకుతుంది, అంటే నెలకి 500 లోపు, కార్డులో ఉంచితే 2,100. మొత్తం 1.40 లక్షలకీ బంగారం పెట్టక్కర్లేదు. గడువు తేదీ మాత్రం ఫోన్‌లో పెట్టుకో, చాలామంది అక్కడే నగలు వేలానికి పోగొట్టుకుంటారు.

గోదారి_కుర్రోడు:
చాలా థాంక్స్ అండి. 4,200 పే లేటరే, అక్క చెప్పినట్టు తేదీతో వెతికితే పాత మెయిల్ దొరికింది. 22,500 దానికి డిస్ప్యూట్ పెట్టి కంపెనీకి మెయిల్ కూడా కొట్టాను. చిట్టీ కంపెనీదే, రిజిస్టర్ అయింది, మా మేనమామ టీచరు కాబట్టి జామీనుకి అడగొచ్చు. ఏజెన్సీ వాడికి వద్దని చెప్తే "కేసు పెడతారు, అరెస్ట్ చేస్తారు, మీ ఇష్టం" అన్నాడు. నిజంగా అలా ఉంటుందా?

వరంగల్_అక్క:
నువ్వు లేటే లేకుండా కడుతున్నావు, నిన్ను అరెస్ట్ ఎవరు చేస్తారు! కార్డు బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. చెక్ బౌన్స్, ఈఎంఐ ఆటో డెబిట్ బౌన్స్ అయితే మాత్రం కోర్టు కేసు పెట్టొచ్చు, కాబట్టి ఖాతాలో డబ్బు లేకుండా వాటిని వదిలేయకూడదు. రికవరీ వాళ్ళకి కూడా టైమ్ ఉంది, ఉదయం 8 ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. అసలు సంగతి అడగడం మర్చిపోయా, ఏజెన్సీ వాడికి నీ పాన్ నంబర్, సిబిల్ లాగిన్ లాంటివి ఏమైనా ఇచ్చావా?

గోదారి_కుర్రోడు:
పాన్ ఫొటో వాట్సాప్‌లో పంపాను, మొదటి రోజే అడిగాడు. లాగిన్, ఓటీపీ ఇవ్వలేదు.

వరంగల్_అక్క:
సరే, అయితే నెల నెలా ఒకసారి రిపోర్టులో ఎంక్వైరీల భాగం (నీ రిపోర్టు ఏ కంపెనీలు అడిగాయో ఉండేది) చూస్తూ ఉండు, నువ్వు అప్లై చేయని కంపెనీ పేరు కనిపిస్తే లోన్ వచ్చేదాకా ఆగకుండా వెంటనే వాళ్ళకి మెయిల్ పెట్టు. ఆధార్ బయోమెట్రిక్ కూడా లాక్ చేసేయి, ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ వాళ్ళ సైట్‌లో అవుతుంది. వాడి నంబర్ బ్లాక్ చేసేముందు చాట్ స్క్రీన్‌షాట్లు తీసి దాచుకో.