యాసంగి (రబీ) వరి ఆలస్యంగా నాటితే దిగుబడి, నూక, అన్నంలో బలం: మీ అనుభవాలు చెప్పండి

మానేరు రైతు:
మాది కరీంనగర్ వైపు. పక్కపక్కనే ఉన్న రెండు పొలాలు, రకం ఒకటే (ఎంటీయూ 1010), ఎరువులూ ఒకటే. ఒకటి డిసెంబర్ ఆఖరుకు నాటారు, ఇంకోటి బోరు నీళ్ల కోసం చూసి జనవరి ఆఖరుకు. మొదటి దాంట్లో వెన్నులు బరువుకు వంగిపోయాయి, రెండో దాంట్లో సగం వెన్నులు నిటారుగా నిలబడ్డాయి, అరచేతిలో నలిపి ఊదితే పొట్టు ఎగిరిపోవడమే తప్ప గింజ లేదు. పైగా నూక వస్తోందని మిల్లులో తరుగు తీశారు. ఒక్క నెలకే ఇంత తేడానా? అలాంటి బియ్యం తింటే బలం కూడా తక్కువేనా?

నల్లగొండ అన్న:
తేడా ఉంటుంది తమ్ముడూ. పూత విచ్చుకునే ఆ గంటా రెండు గంటల్లో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పని చేయదు, గింజ కట్టదు, అదే తాలు. జనవరి ఆఖరు నాటు ఏప్రిల్‌లో ఈనుతుంది (వెన్ను బయటకు వస్తుంది), మన దగ్గర ఏప్రిల్ ఎండ సంగతి తెలిసిందే కదా. నేను నవంబర్ మూడో వారంలో నారు పోస్తా, మార్చి మొదట్లో ఈనుతుంది. అలాగని మరీ ముందుకు జరిపినా కష్టమే, వెన్ను ఇంకా లోపలే ఉండే పొట్ట దశలో చలి తగిలితే అప్పుడూ తాలే. చలికి నారు ఎర్రబడితే రాత్రిపూట పాలిథిన్ షీటు కప్పి, పొద్దున్నే చల్లటి నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెట్టండి.

మిల్లు పనివాడిని:
నూక సంగతి నేను చెప్తా. గింజ పాలు పోసుకునేటప్పుడు వేడి ఎక్కువైతే లోపల పిండి గట్టిగా పేరుకోదు, గింజ పొట్ట వైపు సుద్దలా తెల్ల మచ్చ పడుతుంది, దాన్నే పొట్ట తెలుపు అంటారు. మేలో చేనులోనే బాగా ఎండిపోయిన గింజకు పగుళ్లు కూడా వస్తాయి, పాలిష్ పట్టగానే విరుగుతుంది. క్వింటా వడ్లకు మిల్లు ప్రభుత్వానికి 67 కిలోల పచ్చి (ఉడకబెట్టని) బియ్యం ఇవ్వాలి, అందులో నూక 25 శాతం మించకూడదనేది ఏళ్లుగా ఉన్న లెక్క. వడ్లను మర పట్టే ముందే ఉడకబెడితే పిండి కరిగి పగుళ్లు అతుక్కుంటాయి కాబట్టే యాసంగి వడ్లు ఉప్పుడు బియ్యానికి పోయేవి. 2021-22లో కేంద్రం ఉప్పుడు బియ్యం తీసుకోనన్నప్పుడు అంత గొడవ జరిగింది కూడా అందుకే.

పోషణ టీచర్:
బలం గురించి: వేడికి పిండి తక్కువ చేరుతుంది కాబట్టి ప్రొటీన్ శాతం పెద్దగా పడిపోదు, ఒక్కోసారి కాస్త పెరుగుతుంది కూడా. కానీ ఎకరానికి వచ్చే గింజే తగ్గితే మొత్తం మీద నష్టమే కదండీ. పొట్ట తెలుపు బియ్యం అన్నం మెత్తగా ముద్దవుతుంది. బి1 విటమిన్ మాత్రం నాటు తేదీ కంటే పాలిష్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఉప్పుడు బియ్యంలో అది తవుడు నుంచి లోపలికి ఇంకుతుంది, ఇంట్లో తినడానికి దాన్ని చిన్నచూపు చూడకండి.

కోనసీమ:
మాకు బాధ ఎండతో కాదండి, తుపానుతో. సార్వా (వానాకాలం వరి) ఆలస్యమైతే కోతలు నవంబర్, డిసెంబర్‌లో పడతాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయిన చేలల్లో ధాన్యం మొలకలొచ్చేసింది. మొలకెత్తిన గింజలో పిండి చక్కెరగా మారిపోతుంది, ఆ అన్నం జిగటే. 2022లో గోదావరి కాలువలకు జూన్ 1నే నీళ్లు వదిలింది ఈ భయంతోనే, ఏటా అలాగే వదలాలి.

కర్నూలు జొన్న:
జొన్నకూ ఇదే కథ. వానాకాలం చివర్లో వేసే మాఘి జొన్న అక్టోబర్ సగానికల్లా పడాలి, దాటితే లేత మొక్క మొవ్వును తినేసే మొవ్వు ఈగ, ఆపైన నేలలో తేమ చాలదు. వానాకాలంలో త్వరగా కోతకొచ్చే రకాన్ని మరీ ముందే వేస్తే గింజ ముదిరే వేళ వాన పడి బూజు పట్టి నల్లబడుతుంది, రొట్టెకు పనికిరాదు.

మానేరు రైతు:
చాలా థాంక్స్ అందరికీ. ఈసారి కూడా నీళ్లు ఆలస్యమయ్యేలా ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

నల్లగొండ అన్న:
నారు పోయకుండా మొలకెత్తిన విత్తనం డ్రమ్ సీడర్‌తో (చిల్లుల డ్రమ్ములతో వరుసల్లో విత్తే పనిముట్టు) నేరుగా వేస్తే వారం పది రోజులు కలిసొస్తాయి. జనవరి సగం దాటితే వరి వద్దు తమ్ముడూ, నువ్వులు వేసుకో. వేసిన వరి మాత్రం ఈనే దశలో ఉంటే మడి ఆరనివ్వకు, రెండు అంగుళాల నీళ్లు నిలిస్తే చేనులో వేడి కొంత తగ్గుతుంది.