సిమెంట్ లేని హిప్, హెచ్‌ఏ పూత: చేయించుకున్నవాళ్లు చెప్పండి

గోదారి_పిల్ల:
మా అన్నయ్యకి రెండు తుంటుల్లోనూ ఏవీఎన్, అంటే రక్తం అందక తుంటి ఎముక చచ్చిపోవడం. కోవిడప్పుడు వాడిన స్టెరాయిడ్స్ వల్లే అయ్యుండొచ్చన్నారు డాక్టర్. నలభై కూడా నిండలేదు. తుంటి మార్పిడి చేయాలట. ఎముకకి అతికించే సిమెంట్ వాడకుండా హెచ్‌ఏ పూత ఉన్న స్టెమ్ (తొడ ఎముక లోపలికి దించే లోహపు కడ్డీ) వేస్తారట. సిమెంట్ లేకపోతే లోపల ఎలా నిలుస్తుందండీ? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

కోటింగ్_మూర్తి:
ప్లాస్మా స్ప్రే పనిలోనే ఉండేవాణ్ణి కాబట్టి పూత వరకు చెప్తాను. హెచ్‌ఏ అంటే హైడ్రాక్సీఅపటైట్, ఒక రకం కాల్షియం ఫాస్ఫేట్. మన ఎముకలో ఉండే ఖనిజానికి దగ్గరి చుట్టం. ఆ పొడిని పదివేల డిగ్రీల ప్లాస్మా జ్వాలలోంచి టైటానియం మీదకి కొడతారు. గింజ కరిగీ కరగకుండా వెళ్లి, తగలగానే అప్పడంలా పరుచుకుని అంటుకుపోతుంది.

కష్టమంతా ఆ వేడితోనే. ఎక్కువైతే స్ఫటికం చెదిరిపోతుంది, అలాంటి పూత ఒంట్లో తొందరగా కరుగుతుంది. అలాగని అసలు కరగకపోయినా లాభం లేదు. కొద్దికొద్దిగా వదిలే కాల్షియం, ఫాస్ఫేట్ వల్లే కొత్త ఎముక దాని మీద పేరుకుంటుంది. మందం కూడా అంతే, మరీ ఎక్కువైతే పెచ్చులూడుతుంది. ఫ్రాన్స్‌లో 1986లో మొదలైన కొరైల్ స్టెమ్‌కి సుమారు 150 మైక్రాన్ల పూత వేస్తారు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). ఈరోజుకీ వాడుతున్నారు.

వైజాగ్_వాకర్:
నాకు ఇదే వేశారమ్మా. మొదట్లో స్టెమ్‌ని పట్టి ఉంచేది పూత కాదు, బిగుతు. ఎముకలో చేసే చోటు పిసరు బిగువుగా ఉంచి స్టెమ్‌ని సుత్తితో దించుతారు. నాకు స్పైనల్ (నడుము కింద మాత్రమే మొద్దుబారే మత్తు) ఇచ్చారు, మెలకువగానే ఉన్నాను. దెబ్బలు మొదట బొంగురుగా వినిపించాయి, చివరికొచ్చేసరికి చప్పుడు గట్టిపడింది. స్టెమ్ కూర్చుందనడానికి అదో గుర్తని తర్వాత సర్జన్ చెప్పారు. వాకర్ పట్టుకుని నడిచినన్నాళ్లూ విసుగొచ్చేది. ఇప్పుడు మెట్లు హాయిగా ఎక్కుతున్నా.

ఫిజియో_పద్మ:
వాకర్ ఎందుకో కూడా చెప్తాను. స్టెమ్‌కీ ఎముకకీ మధ్య కదలిక 50 మైక్రాన్ల లోపుంటే ఎముక అతుక్కుంటుంది. 150 దాటితే మధ్యలో ఎముకకి బదులు నారలాంటి మెత్తటి పొర పెరుగుతుంది. ఇక ఎంత మంచి పూతైనా చేసేదేమీ ఉండదు. అసలు పట్టు వచ్చేది మొదటి ఆరు నుంచి పన్నెండు వారాల్లోనే. ఎంత బరువు మోపాలో సర్జన్‌ని అడిగి అంతే మోపించండి. అన్నయ్యగారికి సిగరెట్ అలవాటుంటే ఇవాళే మాన్పించండి, ఎముక పెరుగుదలని అది బాగా దెబ్బతీస్తుంది.

డాలస్_రామ్:
మా అమ్మకి డెబ్బై దాటాయి, ఎముకలు బాగా గుల్లబారాయి. సర్జన్ సిమెంటే వేశారు. అలాంటి ఎముకలో బిగించి దించితే చీలే ప్రమాదం ఎక్కువట. పూత ఉన్నదే గొప్పదనుకుని పట్టుబట్టకండి. స్వీడన్ హిప్ రిజిస్ట్రీలో (అక్కడి తుంటి మార్పిడి ఆపరేషన్ల రికార్డు) ఒకే రకం స్టెమ్‌ని పూతతోనూ పూత లేకుండానూ పోల్చి చూస్తే, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడంలో తేడా కనిపించలేదు.

వైజాగ్_వాకర్:
ఇంకోటి. ఇంప్లాంట్ పెట్టెలో స్టిక్కర్లుంటాయి: మోడల్, సైజు, లాట్ నంబర్. డిస్చార్జ్ కాగితాల మీద అతికించారో లేదో చూసుకోండి, ఫోటో కూడా తీసిపెట్టుకోండి. తర్వాతెప్పుడైనా ఇంకో సర్జన్ చూడాల్సొస్తే ముందు అడిగేది అదే.

గోదారి_పిల్ల:
చాలా థాంక్సండీ అందరికీ. సిగరెట్ సంగతి ఈ రాత్రే వదినతో మాట్లాడతాను.

కొత్త_పన్ను:
మధ్యలో వస్తున్నా, పంటి ఇంప్లాంట్‌కీ ఇదే పూతా?

కోటింగ్_మూర్తి:
ఇప్పుడు ఎక్కువగా కాదండీ. టైటానియాన్నే ఇసుకలాంటి పొడితో కొట్టి, యాసిడ్‌తో గరుకు చేస్తారు. ఎముక ఆ గరుకునే పట్టుకుంటుంది.